సంత కట్టిన నగరం

గురువారం, ఆదివారం వచ్చాయంటే ఎల్ ఆల్టోలో తెల్లవారకముందే వీధుల రూపు మారిపోతుంది. చీకట్లోనే ఇనుప గొట్టాలు నిలబెడతారు. వాటికి టార్పాలిన్లు బిగిస్తారు. లారీల్లోంచి, మినీబస్సుల పైనుంచి మూటలు దిగుతాయి. పొద్దెక్కేసరికి బండ్లు తిరిగే రోడ్డు ఎక్కడుందో పోల్చుకోలేం. ఆ చోట పాత జీన్స్ ప్యాంట్ల గుట్టలు, లారీ ఇంజిన్లు, కొత్త మంచాలు, కుట్టుమిషన్లు, కోడిపిల్లలు, సెల్‌ఫోన్ విడిభాగాలు కొలువుదీరి ఉంటాయి. పాత రైలు పట్టాలను కూడా వదలరు. వాటి పక్కనే పట్టా పరిచి నట్లు, బోల్టులు, తుప్పు వదిలించిన పానాలు అమ్ముతారు.

దక్షిణ అమెరికాలోని బొలీవియాలో, ఐమారా మూలవాసుల మహానగరంలో వారానికి రెండుసార్లు జరిగే ఈ సంత పేరు ‘ఫేరియా 16 దె హూలియో’. అంటే జూలై 16 సంత. 1809 జూలై 16న పొరుగునున్న లా పాజ్ ప్రజలు స్పెయిన్ పాలన మీద తిరగబడ్డారు. ఆ తేదీ ఒక పేటకు పేరైంది, పేట పేరు సంతకు వచ్చింది. లాటిన్ అమెరికాలోని అతిపెద్ద ఆరుబయలు సంతల్లో ఇదొకటి. ఈ సంతను చూడటమంటే, ఒక నగరం ఎలా పుట్టి ఎలా బతుకుతోందో దగ్గరగా చూడటమే. ఎందుకంటే ఎల్ ఆల్టోను కట్టింది ప్రణాళికలు గీసిన అధికారులు కాదు, అమ్ముకుని బతకడానికి వచ్చిన మనుషులు.

కింద లా పాజ్, పైన ఎల్ ఆల్టో

1548లో స్పెయిన్ వాళ్లు లా పాజ్‌ను స్థాపించినప్పుడు గాలి నుంచి రక్షణ కోసం లోతైన లోయను ఎంచుకున్నారు. ఆ లోయలో నగరం నడిబొడ్డు సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉంది. లోయ గట్టెక్కితే ఆల్టిప్లానో అనే విశాలమైన పీఠభూమి మొదలవుతుంది. ఎల్ ఆల్టో ఆ గట్టు మీద పరుచుకున్న ఊరు. అక్కడి విమానాశ్రయమే 4,061 మీటర్ల ఎత్తున ఉంది. ఒకపక్క 6,438 మీటర్ల ఇల్యిమాని, మరోపక్క 6,088 మీటర్ల వైనా పొతోసి మంచుతో మెరుస్తుంటాయి.

చాలా నగరాల్లో కలవారు కొండల మీద ఇళ్లు కట్టుకుంటారు. ఇక్కడ వరస తిరగబడింది. కిందికి వెళ్లేకొద్దీ చలి తగ్గుతుంది, గాలి చిక్కనవుతుంది, స్థలం ధర పెరుగుతుంది. లా పాజ్‌లో సంపన్నుల పేటలు లోయ అడుగున ఉంటే, పేదలకు గట్టు మీది ఈదురుగాలి మిగిలింది.

ఈ ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంతో పోలిస్తే దాదాపు ఐదింట రెండు వంతులు తక్కువ. నీళ్లు 86, 87 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే పప్పు ఒక పట్టాన ఉడకదు. కొత్తగా వచ్చినవాళ్లకు తలనొప్పి, ఆయాసం, నిద్రపట్టకపోవడం మామూలే. మొదటి రోజు మెల్లగా నడవడం, తేలికగా తినడం, మద్యానికి దూరంగా ఉండటం మంచిదని స్థానికులు చెబుతారు. కోకా ఆకులు వేసిన వేడినీళ్లు ఇస్తారు. కొకైన్ తయారీకి వాడే మొక్క ఇదే అయినా, ఆకును నమలడం, కాచి తాగడం ఆండీస్ ప్రజలకు తరతరాల అలవాటు. 2009 నాటి బొలీవియా రాజ్యాంగం కోకాను దేశ వారసత్వంగా గుర్తించింది. ఆ ఆకును దేశం దాటించి తీసుకెళితే మాత్రం చాలాచోట్ల నేరమవుతుంది.

ఆకాశంలో సిటీ బస్సు

లా పాజ్ నుంచి సంతకు వెళ్లడానికి ఒకప్పుడు వంకర దారిలో మినీబస్సుల వరస వెనుక కూర్చోవాల్సి వచ్చేది. 2014 మే 30న కేబుల్ కార్ ఎర్ర లైను ప్రారంభమయ్యాక ఆ ప్రయాణం సుమారు పది నిమిషాలకు తగ్గింది. ‘మి తెలెఫెరికో’ అనే ఈ కేబుల్ కార్ వ్యవస్థలో ఇప్పుడు పది లైన్లున్నాయి. మొత్తం పొడవు 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నగర ప్రజల రోజువారీ రవాణాకు ఇంత పెద్ద కేబుల్ కార్ వ్యవస్థ ప్రపంచంలో మరెక్కడా లేదు. కొండలెక్కి వినోదించడానికి వాడే యంత్రాన్ని ఇక్కడ సిటీ బస్సుగా మార్చారు.

పదిమంది కూర్చునే కేబిన్లు పన్నెండు సెకన్లకు ఒకటి చొప్పున కదులుతాయి. ప్రారంభమైనప్పుడు ఒక లైనులో ప్రయాణానికి టికెట్టు 3 బొలీవియానోలు ఉండేది. ఎర్ర లైను పాత రైల్వేస్టేషన్ దగ్గర బయల్దేరి, నగరంలోని పెద్ద శ్మశానం పక్కగా, ఇటుక ఇళ్లు గుంపులుగా అతుక్కున్న కొండవాలు మీదుగా పైకి సాగుతుంది. స్టేషన్లకు స్పానిష్ పేరుతో పాటు ఐమారా పేరు కూడా పెట్టారు. పై చివర ఉన్న స్టేషన్‌కు ఐమారాలో ‘హాచా ఖాతు’ అని పేరు. అంటే పెద్ద సంత. కేబిన్ దిగి బయటికి వస్తే నేరుగా అంగళ్ల మధ్యలో ఉంటారు.

గనులు మూతపడ్డ ఏడాది

1950 ప్రాంతంలో ఎల్ ఆల్టోలో ఉన్న జనం సుమారు 11,000. 1992 నాటికి 4 లక్షలు దాటారు. 2012 జనగణనలో 8.4 లక్షలకు పైగా తేలారు. ఈ పెరుగుదల వెనుక రెండు పెద్ద దెబ్బలున్నాయి. 1982–83లో ఎల్ నీన్యో కారణంగా ఆల్టిప్లానోలో వర్షాలు పడక పంటలు ఎండిపోయాయి, పశువులు చచ్చిపోయాయి. రైతులు ఊళ్లు విడిచి గట్టు మీదికి చేరారు. ఆ తర్వాత 1985 వచ్చింది. అప్పటికే దేశంలో ద్రవ్యోల్బణం అదుపు తప్పింది. డబ్బు కట్టలు కట్టలుగా మోసుకెళితే తప్ప సరుకు రాని రోజులవి. ఆగస్టులో ప్రభుత్వం 21060 నంబరు ఆదేశంతో ఖర్చులకు కత్తెర వేసింది. అక్టోబరులో ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలింది. ప్రభుత్వ గనుల్లో 20,000 మందికి పైగా కార్మికుల ఉద్యోగాలు పోయాయి. అలా పనిపోయిన కుటుంబాల్లో చాలామందికి ఎల్ ఆల్టోయే దిక్కయింది.

అదే ఏడాది ఎల్ ఆల్టో పాలనాపరంగా లా పాజ్ నుంచి విడిపోయింది. 1988లో నగర హోదా వచ్చింది. హోదా అయితే వచ్చింది కానీ చాలా పేటలకు మంచినీళ్లు, మురుగు కాల్వలు, కరెంటు రాలేదు. ఫ్యాక్టరీలు చాలా తక్కువ. వచ్చినవాళ్ల దగ్గర ఉన్నది రెక్కల కష్టం, గనుల్లో నేర్చుకున్న కార్మిక సంఘాల క్రమశిక్షణ, పల్లెల్లో అలవాటైన సమష్టి పని. వీధి వీధికీ సంఘం పెట్టుకున్నారు. గుంతలు తవ్వారు, పైపులు వేశారు, పట్టాల కోసం పోట్లాడారు. పొట్ట గడవడానికి సంతలో కూర్చున్నారు.

సంత పైకి గందరగోళంగా కనిపిస్తుంది కానీ లోపల కట్టుబాటు గట్టిది. ప్రతి వరసకూ ఒక వర్తకుల సంఘం ఉంటుంది. ఎవరి జాగా ఎంతో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సంఘానికి తెలుసు. నగరపాలక సంస్థకు జాగా పన్ను కడతారు. సమావేశాలకు, ఊరేగింపులకు, పండగలకు రావాలని సంఘం పట్టుబడుతుంది. జాగా తల్లి నుంచి కూతురికి రావడం మామూలు. పెట్టుబడికి బ్యాంకు గడప తొక్కలేని వాళ్లు పదిమంది చేరి ‘పసనాకు’ కడతారు. అందరూ వారం వారం, లేదంటే నెల నెలా అనుకున్న సొమ్ము వేస్తారు, వంతులవారీగా ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. మన చీటీల్లోలా ఇందులో పాట ఉండదు, తరుగు ఉండదు. పూచీ అంతా నమ్మకమే.

ఈ సంఘాల బలం ఎంతో 2003 అక్టోబరులో దేశమంతా చూసింది. దేశంలోని సహజవాయువును ఎగుమతి చేసే పథకానికి వ్యతిరేకంగా ఎల్ ఆల్టో ప్రజలు రోడ్లు మూసేశారు. లా పాజ్‌కు సరుకులు వెళ్లే ముఖ్యమైన దారులు ఈ గట్టు మీదుగానే పోతాయి. సైన్యం కాల్పుల్లో 60 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 17న అధ్యక్షుడు గొన్సాలో సాంచెస్ దె లొసాదా రాజీనామా చేసి అమెరికా వెళ్లిపోయాడు.

అంగడి ముందు కూర్చున్న ఆమె

సంతలో అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చాలామంది వేషం చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది. కుచ్చులు కుచ్చులుగా విచ్చుకునే ‘పొల్యెరా’ పావడా, భుజాల మీద అంచుల శాలువా, రెండు పొడవాటి జడలు, తలమీద గుండ్రటి బౌలర్ టోపీ. వీపు మీద ‘అగ్వాయో’ అనే రంగురంగుల చారల బట్ట. అందులో బిడ్డ ఉండొచ్చు, ఉల్లిపాయలు ఉండొచ్చు. ఈ వేషం వేసుకున్న స్త్రీని చోలిత అంటారు.

ఈ పావడా మూలాలు స్పెయిన్ వలసకాలం నాటివి. ఐమారా స్త్రీలు దాన్ని తమదిగా చేసుకున్నారు. కానీ ఆ బట్టలు కట్టినందుకే వాళ్లను చాలాకాలం చిన్నచూపు చూశారు. 1935లో లా పాజ్‌లో పొల్యెరా కట్టిన స్త్రీలు ట్రాములు ఎక్కకూడదని ఆంక్ష పెట్టారు. వాళ్ల బుట్టలు తగిలి గొప్పింటి ఆడవాళ్ల మేజోళ్లు చిరుగుతున్నాయని కారణం చెప్పారు. ఇళ్లలో వంటపని చేసే స్త్రీలు దాన్ని ఎదిరించి, పెత్రోనిలా ఇన్ఫాంతెస్ నాయకత్వంలో వంటవాళ్ల సంఘం కట్టారు. అంతకు ముందే, 1927లో, కార్మిక స్త్రీల సమాఖ్య ఏర్పడింది. బజారుల్లో అమ్ముకునే స్త్రీలు, పూలు అమ్మేవాళ్లు అందులో ముందు నిలిచారు. 1989లో రెమెదియోస్ లొసా పొల్యెరా కట్టుకునే పార్లమెంటుకు ఎన్నికైంది. ఆ దుస్తుల్లో అక్కడ కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. 2019 జనవరిలో ఇదే పావడాలతో కొందరు చోలితలు అమెరికా ఖండాల్లోనే ఎత్తైన అకోన్‌కాగ్వా శిఖరం ఎక్కారు.

బేరం చేసే తీరులో మర్యాద ఉంది. కొనేవాళ్లు అమ్మే ఆమెను ‘కసేరా’ అని పిలుస్తారు, ఆమె కూడా వాళ్లను అదే మాటతో పిలుస్తుంది. ఒకే అంగట్లో ఏళ్ల తరబడి కొంటే ఆ పిలుపు చుట్టరికంగా మారుతుంది. తూకం అయ్యాక ‘యాపా’ అడగాలి, అంటే కొసరు. రెండు టమాటాలో, ఒక గుప్పెడు బఠానీలో వేసి ఆమె నవ్వితే, వచ్చేవారం మళ్లీ అక్కడికే రావాలని అర్థం. ఫొటోలు తీసే విషయంలో జాగ్రత్త అవసరం. అడగకుండా కెమెరా ఎత్తితే చోలితలు ఊరుకోరు. ముందు ఏదైనా కొని, ఆ తర్వాత అడగడం మేలు.

చలి ఎండబెట్టిన దుంప

దుంపలు అమ్మే వరస దగ్గర సందర్శకుడు కాసేపు నిలబడాలి. బంగాళాదుంప సాగు మొదలైంది టిటికాకా సరస్సు చుట్టుపక్కల, సుమారు ఎనిమిది వేల ఏళ్ల కిందట. ఆ సరస్సు ఇక్కడికి దగ్గరే. పెరూ రాజధాని లిమాలో 1971 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం లెక్కలో ఆండీస్ దేశవాళీ రకాలు 4,000కు పైనే ఉన్నాయి. సంతలో ఊదా, పసుపు, ఎరుపు, నలుపు దుంపలు కుప్పలుగా ఉంటాయి. గణుపులు గణుపులుగా, వేలెడంత పొడవున ఉండేవి ‘ఓకా’ దుంపలు.

వాటి పక్కనే గులకరాళ్లలా కనిపించే నల్లటివి ‘చున్యో’. వీటిని చేసే పద్ధతిలో ఈ నేల తెలివంతా ఉంది. జూన్, జూలైల్లో పీఠభూమి మీద రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి, పగలు ఎండ మాడుస్తుంది. దుంపలను ఆరుబయట పరిచి వదిలేస్తే రాత్రి గడ్డకట్టి, పగలు కరుగుతాయి. కొన్ని రోజులు అలా గడిచాక కుటుంబమంతా చెప్పులు విప్పి వాటిని కాళ్లతో తొక్కుతారు. లోపలి నీరు కారిపోతుంది, తొక్క ఊడిపోతుంది. మళ్లీ ఎండబెడితే తేలికైన, గట్టి చున్యో మిగులుతుంది. గడ్డకట్టిన దుంపలను పారే నీళ్లలో వారాల తరబడి నానబెట్టి ఎండబెడితే తెల్లటి ‘తుంత’ అవుతుంది. ఇవి ఏళ్ల తరబడి పాడవవు. కరువొచ్చినా, పంటపోయినా ఇంట్లో తిండి ఉంటుంది. చేదుగా ఉండే కొన్ని రకాల దుంపలు ఈ విధంగా చేస్తేనే తినడానికి పనికొస్తాయి.

చలికి వణుకుతూ వచ్చినవాళ్లకు ముందు దొరికేది ‘అపి’. ఊదారంగు మొక్కజొన్నను దాల్చినచెక్క, లవంగాలతో కాచిన చిక్కటి వేడి జావ. దానికి తోడుగా నూనెలో పొంగిన జున్ను పూరీ ఇస్తారు. టిటికాకా నుంచి వచ్చే వేలెడంత ‘ఇస్పి’ చేపలను కరకరలాడేలా వేయించి దుంపలతో పెడతారు. ఏది తిన్నా పక్కన ‘ల్యాహ్వా’ ఉండాల్సిందే. టమాటా, లొకోతో మిరపకాయ, కిర్కిన్యా ఆకు కలిపి ‘బతాన్’ అనే రాతిపలక మీద బరువైన రాయిని అటూ ఇటూ ఊపుతూ నూరుతారు. మన రోటి పచ్చడి రుచి తెలిసిన నాలుకకు దాన్ని పరిచయం చేయాల్సిన పనిలేదు. లొకోతో గింజలు నల్లగా ఉంటాయి, కారం గట్టిగా తగులుతుంది.

తెలుగువారి వంటింటికి ఈ దేశంతో పాత బాకీ కూడా ఉంది. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ బొలీవియా, దాన్ని ఆనుకుని ఉన్న వాయవ్య అర్జెంటీనా. అక్కడి నుంచి సముద్రాలు దాటి వచ్చిన పంటే అనంతపురం మెట్ట పొలాలను నిలబెట్టింది. బొలీవియాలో పచ్చి వేరుశనగ గింజలను నూరి, మాంసం, కూరగాయలతో కాచే ‘సోపా దె మనీ’ ఇంటింటి వంటకం. మిరప జాతి మొదట పుట్టింది కూడా ఆండీస్ వెంబడే. గుంటూరులో పండే రకాల పూర్వీకులను మాత్రం మెక్సికో రైతులు సాగులోకి తెచ్చారు.

కోరికల బజారు

సంతకు వెళ్లే దారుల్లో గట్టు అంచున చిన్న చిన్న గదులు వరసగా కనిపిస్తాయి. వాటిలో ‘యాతిరి’లు కూర్చుంటారు. కోకా ఆకులు బట్ట మీద చల్లి, అవి పడిన తీరును బట్టి పెళ్లి, వ్యాపారం, జబ్బు గురించి చెబుతారు. కింద లా పాజ్‌లో సాన్ ఫ్రాన్సిస్కో చర్చి వెనుక, లినారెస్ వీధిలో ‘మంత్రగత్తెల బజారు’ ఉంది. అక్కడ వేలాడే ఎండిన లామా పిండాలు చూసి కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. ఇల్లు కట్టేముందు భూమాత పచమామకు నైవేద్యంగా వాటిని పునాదిలో పెడతారు. నేలను తవ్వుతున్నాం కాబట్టి ముందు దానికి పెట్టాలనేది ఐమారా నమ్మకం. ఆగస్టు పచమామ నెల. అప్పుడు ఈ అంగళ్లు కిటకిటలాడతాయి.

జనవరి 24న వచ్చే ‘అలసీతాస్’ ఇంకా ముచ్చటైన పండగ. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి లా పాజ్ జనం బొమ్మ వస్తువులు కొంటారు. వేలెడంత ఇల్లు, అగ్గిపెట్టెంత లారీ, చిట్టి నోట్ల కట్టలు, చిట్టి పట్టాలు, చిట్టి పాస్‌పోర్టులు. కొన్నవాటిని యాతిరి చేత ఆశీర్వదింపజేస్తారు. వాటిని ఎకెకో అనే సిరుల దేవుడికి తగిలిస్తే ఏడాదిలోగా నిజమైనవి చేతికొస్తాయని నమ్మకం. ఈ ఆచారాన్ని యునెస్కో 2017లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కొందరికి ఆ బొమ్మ ఇల్లు నిజంగానే పెద్దదైంది. ఎల్ ఆల్టోలో ఎర్ర ఇటుక ఇళ్ల మధ్య పచ్చ, నారింజ, ఊదా రంగుల్లో మెరిసే ఐదారంతస్తుల భవనాలు కనిపిస్తాయి. ఫ్రెడ్డీ మమానీ అనే స్థానిక భవన నిర్మాత ఈ శైలికి ఆద్యుడు. తియ్వనాకు అనే పురాతన నగర శిథిలాల్లోని ఆకారాలను, అగ్వాయో రంగులను గోడల మీదికి తెచ్చాడు. కింద దుకాణాలు, పైన పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు, ఆపైన అద్దె ఇళ్లు, చిట్టచివర డాబా మీద యజమాని ఇల్లు. వీటిని జనం ‘చొలే’లు అంటారు. కట్టించుకున్నవాళ్లలో చాలామంది వ్యాపారంలో పైకొచ్చిన ఐమారా కుటుంబాలవాళ్లే. మమానీ పనిని 2018లో పారిస్‌లోని కార్టియర్ ఫౌండేషన్ ప్రదర్శించింది.

మెరుపు పక్కన చీకటి

అందరి కథా అంత ఎత్తుకు వెళ్లలేదు. బొలీవియాలో పనిచేసేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది దాకా పింఛను, స్థిరమైన జీతం, సెలవు వంటి భద్రత లేని పనుల్లోనే ఉన్నారు. ఒంట్లో బాగాలేక ఒక గురువారం రాకపోతే ఆ రోజు రాబడి పోయినట్టే. సంతలో గుట్టలుగా పోసే విదేశీ పాత బట్టలది మరో తగువు. అవి దేశంలో కుట్టుపనివాళ్ల పొట్ట కొడుతున్నాయని 2006లో ప్రభుత్వం వాటి దిగుమతిని నిషేధించింది. అయినా చిలీలోని ఇకీకే స్వేచ్ఛా వాణిజ్య మండలం వైపు నుంచి అవి దొంగదారిన వస్తూనే ఉన్నాయి. వాటిని అమ్మి పిల్లలను చదివించుకునేవాళ్లూ పేదలే, వాటివల్ల పని పోగొట్టుకునేవాళ్లూ పేదలే. 2023లో దేశంలో డాలర్ల కొరత మొదలయ్యాక దిగుమతి సరుకుల ధరలు పెరిగి, బేరాల్లో చికాకు ఎక్కువైంది.

వెళ్లేవారికి

ముందు లా పాజ్‌లో ఒకటి రెండు రోజులు ఒంటిని అలవాటు చేసుకుని గట్టెక్కడం మేలు. ఆదివారం జనం ఎక్కువ, గురువారం కాస్త ఊపిరాడుతుంది. మే నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ, కానీ పొద్దున ఎముకలు కొరికే చలి, మధ్యాహ్నం చర్మం కాల్చే ఎండ ఉంటాయి. స్వెట్టర్, టోపీ రెండూ కావాలి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోవాలి. సంచిని ముందుకు వేసుకోవాలి, ఖరీదైన ఫోను లోపల దాచుకోవాలి, ఎందుకంటే గుంపుల్లో జేబుదొంగలు ఉంటారు. మే చివర్లోనో జూన్‌లోనో వచ్చే ‘గ్రాన్ పొదేర్’ పండగ నాడు వేలమంది లా పాజ్ వీధుల్లో నాట్యం చేస్తారు. వర్తకులు, బట్టల దుకాణాలవాళ్లు ఏడాది పొడవునా కూడబెట్టి ఆ రోజు వేషాలకు, బ్యాండు మేళాలకు ఖర్చు పెడతారు. తేదీ ఏటా మారుతుంది కాబట్టి ముందుగా కనుక్కుని ప్రయాణం కుదుర్చుకుంటే సంత, పండగ రెండూ ఒకే వారంలో చూడొచ్చు.